రోజూ చేసే రిపేరు

తలుపు మూసుకుంది. ధడేలున కాదు, పైన బిగించిన ఇనప చెయ్యి ముసలివాడి మోకాలిలా నెమ్మదిగా మడుచుకుంటూ మూసుకుంది. ముందు ఆమె వీపు కనబడకుండా పోయింది, తర్వాత భుజానికి వేలాడే నల్ల సంచీ, ఆఖరున ఒక మడమ. "పేషెంటు ఒక్కరే రావాలి బాబాయ్, మీరిక్కడే కూర్చోండి" అని లోపలి అమ్మాయి అంది. మందుల గురించి విడమరిచి చెప్పడమే ఆ అమ్మాయి ఉద్యోగం. జిప్పుల మేస్త్రీ కూర్చున్నాడు. కూర్చోమంటే కూర్చోవడం, లెమ్మంటే లేవడం, ఆసుపత్రిలో మనిషికి ఇంకేం పనుంటుంది. ఇవాళ చెబుతారు. భార్య రక్తంలో మళ్ళీ లేచిన వైరస్ పాత మాత్రకు ఇంకా లొంగుతుందో లేదో, తీసిన రక్తం ఎక్కడికో వెళ్ళి తిరిగొచ్చిన కబురు ఇవాళ ఆ తలుపు వెనకాల ఉంది. లొంగితే సరే. లొంగకపోతే? వేరే మందులున్నాయన్నారు, ఉన్నాయి కానీ అన్నారు, ఆ కానీ దగ్గర ఆగిపోయారు. ఆ కానీ గత నెల నుంచీ ఆయన గొంతులో అన్నం మెతుకులా అడ్డం పడి ఉంది. అసలు ఆ మాత్ర మానెయ్యమన్నది ఎవరు? ఇంకెవరు, తనే. రోజుకు పది మాటలు మాట్లాడని మనిషి, ఆ పదిలో ఒకటి అలా ఖర్చు పెట్టాడు.

కనిపించలేదు. అదీ మాట. అప్పట్లో ఆమె పరీక్ష చేయించుకుని వచ్చి, దుకాణం ముందు స్టూలు మీద కూలబడి, టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, "ఏమీ కనిపించలేదంటయ్యా మేస్త్రీ" అంది. ఆయన పటకారు కింద పెట్టాడు. ఏమీ అంటే? వైరస్సు. ఎంత వెతికినా కనిపించలేదంట. మరింకేం, అన్నాడు. కనిపించకపోతే పోయినట్టే కదా. సూది కింద పడితే వెతుకుతాం, కనిపించకపోతే, అబ్బే, కనిపించని సూది పోయినట్టు కాదు, కనిపించని సూదే అరికాల్లో దిగేది, ఆ సంగతి తనకు తెలియనిదా, ఈ పనిలో ఎన్నిసార్లు దిగలేదు, మరి ఆ పూట ఎందుకు తట్టలేదు? తట్టలేదు. బాగైందన్న మాట వినగానే బుర్రలో ఇంకో మాటకు చోటు లేకపోయింది. ఆ మాత్ర వేసుకున్నప్పటినుంచీ ఆమెకు సరిగ్గా నిద్ర పట్టేది కాదు, పైకప్పు చూస్తూ పడుకునేది, ఆ చూపు ఆయన నిద్రలోకి కూడా వచ్చేది. బాగైన జిప్పుకి రోజూ రిపేరు చేస్తామా ఏంటి, అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి అంతా బాగుందనుకున్నాడు. డబ్బాలో ఉన్నవి పారెయ్యడానికి మనసొప్పక కొన్నాళ్ళు రోజు విడిచి రోజు వేసుకుంది, తర్వాత అదీ లేదు. నిద్ర పట్టింది. గురక కూడా పెట్టింది. ఆ గురక వింటూ ఈయన ఎంత హాయిగా పడుకున్నాడని.

ఎదుటి బెంచీ మీద ఒక లావుపాటి మనిషి ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. చొక్కా జేబు మీద బస్సు కంపెనీ బొమ్మ ఉంది, డ్రైవరే అయుంటాడు. సంచీ జిప్పు మూస్తాడు, మూసిన చోటే వెనకాల నోరు తెరుస్తుంది. మళ్ళీ మూస్తాడు, మళ్ళీ తెరుస్తుంది. పళ్ళ తప్పు కాదది, వాటి మీద జారే రన్నర్ తప్పు. అరిగిపోయి దవడ వదులైంది, పళ్ళను దగ్గరికి తెస్తుంది కానీ కరిపించలేదు. రెండు పక్కలా పటకారుతో ఇంత నొక్కితే చాలు. ఇంత అంటే ఇంతే, ఇంకొంచెం నొక్కితే అసలు కదలకుండా బిగుసుకుపోతుంది. నేర్పిన పెద్దమేస్త్రీ ఆ ఇంత ఎంతో నోటితో ఎప్పుడూ చెప్పలేదు, చేతి మీద చెయ్యి వేసి నొక్కించాడు. ఆయనకో పట్టుదల ఉండేది. రిపేరంటే మళ్ళీ రాకూడదురా అనేవాడు. తిరిగొచ్చిన సంచీ మేస్త్రీ చెంప మీద దెబ్బ. ఎవరైనా అదే సంచీ మళ్ళీ తెస్తే ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆ మాట పట్టుకునే కదా తను ఇన్నేళ్ళు బతికింది, దుకాణం పెట్టింది, పేరు తెచ్చుకుంది. ఒకసారి చేస్తే అయిపోవాలి. అయిపోనిది పనేం పని? రోజూ చేస్తున్నావంటే నీకు చెయ్యడం రాదనే లెక్క. డాక్టర్లకు కూడా రాదేమో అనుకున్నాడు అప్పుడు, మనసులో. ఇప్పుడు ఆ అనుకోలు తలుచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

"ఏం పెద్దాయనా, నా సంచీ వైపు అట్లా చూస్తున్నారు? ఇందులో ఏం లేదు, పాత చొక్కాలూ ఒక దువ్వెనా" అన్నాడు డ్రైవరు. అతని బట్టతల చూస్తే ఆ దువ్వెన ఎందుకో అర్థం కాలేదు. మేస్త్రీ చెయ్యి చాపాడు. డ్రైవరు ఒక క్షణం ఆలోచించి ఇచ్చాడు. జేబులో పటకారు ఉంది, ఎక్కడికెళ్ళినా ఉంటుంది, ఒకసారి చావు ఇంటికి కూడా వెళ్ళింది. రన్నర్‌ని కిందిదాకా లాగి, ఒక పక్క ఇంత, ఇంకో పక్క ఇంత.   లాగి చూశాడు, మూసుకుంది, మూసుకునే ఉంది. "అబ్బో! మాటలు పొదుపు గానీ చేతులు భలే. కొత్తది కొందామని మా ఆవిడ ఎన్నాళ్ళ నుంచో పోరు పెడుతోంది, దాని నోరు కూడా మూయించారు పొండి" అన్నాడు డ్రైవరు. ఎప్పటిదాకా ఉంటుందని అడిగాడు. ఎవరైనా అడిగితే మేస్త్రీ, మళ్ళీ రానక్కర్లేదు, అంటాడు, అదొక్క మాట ఆయనకు తడుముకోకుండా వస్తుంది. ఇవాళ రాలేదు. ఏమో, అన్నాడు. తన నోట ఆ ఏమో విని తనే ఉలిక్కిపడ్డాడు.

గత నెల వచ్చినప్పుడు జిప్పు గురించి ఆ లోపలి అమ్మాయి కూడా చెప్పింది. ఏం పని చేస్తారు బాబాయ్ అని అడిగి, జిప్పులని తెలిశాక, అయితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది అంది. తేలిగ్గా! అప్పటినుంచే ఆయనకు అంతా కలగాపులగమైంది. ఇదివరకు వైరస్ అంటే పురుగు అనుకునేవాడు, పురుగైతే చంపుతాం, పోతుంది. ఇది జిప్పయి కూర్చుంది. రక్తంలో కాపలా కాసే కణాలుంటాయట, వైరస్ పోయి పోయి వాటిలోకే దూరుతుందట, దొంగ వెళ్ళి పోలీసు ఇంట్లో కాపురం పెట్టినట్టు. దాని దగ్గర ఒక వరుసే ఉంటుందట, సగం జిప్పు. లోపలికి వెళ్ళాక ఆ ఇంట్లో దొరికే పళ్ళనే ఒక్కొక్కటీ ఏరుకుని రెండో వరుస పేర్చుకుంటుందట. రెండూ కలిశాక ఆ జిప్పుని తీసుకెళ్ళి కణం లోపలి అస్తరులో కుట్టేసుకుంటుందట. ఇక అక్కణ్ణుంచి ఏది తన గుడ్డో ఏది అతుకో ఆ కణానికే తెలియదు, దాన్నే చూసి నకళ్ళు తీసి తీసి బయటికి పంపుతుంది, అలా పంపి పంపి తను పోతుంది. సంచీ అస్తరు కుట్టేటప్పుడు ఆయనకు ఇదంతా వేళ్ళ చివర కనబడింది. చేతిలో ఉన్నది ఎవరిదో ప్రయాణం సంచీ, అందులో ఆమె కనబడింది. దారం తెంపేశాడు.

మరి మాత్ర? ఒకటే మాత్ర, లోపల మూడు మందులు. రెండు మందులు దొంగ పళ్ళు. చూడ్డానికి అసలు పన్నులాగే ఉంటాయి, వైరస్ నమ్మి వరుసలో పెట్టుకుంటుంది, కానీ ఆ పన్నుకు అవతలి పక్క కొక్కెం ఉండదు, దాని తర్వాత ఇంకో పన్ను పట్టదు, వరుస అక్కడితో ఆగిపోతుంది. ఇది విని మేస్త్రీకి నవ్వొచ్చింది, తను జీవితమంతా ఏ తప్పు జరగకూడదని కళ్ళలో వత్తులు వేసుకుని చూశాడో ఆ తప్పునే వీళ్ళు మందు చేసి ఇస్తున్నారు. మూడో మందు కుట్టుని ఆపేది. ఎలాగో పూర్తయిన జిప్పు అస్తరు దాకా వచ్చినా, కుట్టే సూదిని గట్టిగా పట్టుకుని వదలదు. అదీ బాగుంది. మరి, ముందే కుట్టుకుపోయినవో? అని అడిగాడు. ఆ అమ్మాయి ముఖం అప్పుడు కొంచెం మారింది, మంచి ప్రశ్న బాబాయ్ అంది. మంచి ప్రశ్న అన్నారంటే మంచి జవాబు లేదన్న మాట. అవి నిద్రపోతుంటాయట. నివురు కప్పిన నిప్పు. వాటిని మందు ఏమీ చెయ్యలేదట. అవి ఎప్పుడో లేచి నకళ్ళు పంపితే, ఆ నకళ్ళు కొత్త ఇళ్ళల్లో కుట్టుకోకుండా చూస్తుంది, అంతే. అందుకే రోజూ. రోజూ వేసుకుంటే రక్తంలో కనిపించదు, కనిపించనన్నాళ్ళూ ఒంటికి బలమే, మొగుడికీ అంటదు. కనిపించలేదంటే మందు పనిచేస్తోందని బాబాయ్, పనయిపోయిందని కాదు.

పనిచేస్తోంది. పనయిపోయింది. రెంటికీ మధ్య ఇంత సందు ఉంది, ఆ సందులో ఆమెను పడేశాడు. కాదు, కావాలని కాదు. కావాలని చేస్తే ఒక దండం పెట్టి తప్పయిందంటాం, మంచి చెయ్యబోయి చేసినదానికి ఏమనాలి? వైరస్ మళ్ళీ లేచిందని తెలిసిన రోజు ఆమెనడిగారు, ఎందుకు మానేశారమ్మా అని. ఈయన నేల చూశాడు. ఆమె మాత్రం, "ఈయన చెప్పాడు, నేను విన్నాను. ఇద్దరం తెలివిగలవాళ్ళమే, ఒకరికొకరం దొరికాం" అంది, ఆ అమ్మాయికి కోపం రావాల్సింది నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక తిడుతుందని ఎదురుచూశాడు. తిట్టలేదు. బట్టలు మడతపెడుతూ కూర్చుంది. హోటల్లో ఇస్త్రీ పని చేసీ చేసీ ఆమెకు మడత పెట్టకుండా ఏదీ చేతిలో నిలవదు, చేతిరుమాలు దగ్గర నుంచి కోపం దాకా. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన రక్తం కూడా తీసుకున్నారు, ఏమీ లేదు, బాగుంది అన్నారు. ఆ బాగుందన్న మాట విని ఈయనకు సిగ్గేసింది. ఇంట్లో ఇద్దరుంటే ఒక్కడే గొడుగులో నడిచొచ్చినట్టు.

దొంగ పళ్ళని వైరస్ గుర్తుపట్టడం నేర్చుకుంటుందట. అదీ అసలు భయం. నకలు తీసే తొందరలో అది తప్పులు చేస్తుందట, చాలా. మందు నిండుగా ఉన్నప్పుడు తప్పు చేసినా బతకదు. సగం సగంగా ఉన్నప్పుడు, రోజు విడిచి రోజు వేసుకున్నప్పుడు, ఆ తప్పుల్లో ఒకటి దొంగ పన్నుని వదిలేసే తప్పయితే, అది బతుకుతుంది, దాని నకళ్ళన్నీ అదే నేర్చుకుని పుడతాయి. అప్పుడు ఈ మాత్ర ఎన్ని మింగినా మంచినీళ్ళే. తప్పు చేసి నేర్చుకునేది అదట. మరి తను? తప్పు చేశాడు, ఏం నేర్చుకున్నాడు? లోపల ఆమె ఇంతసేపు ఏం వింటోంది? మంచి కబురు చెప్పడానికి ఇంతసేపు పడుతుందా? చెడ్డ కబురైతేనే కుర్చీ దగ్గరికి జరుపుకుని మంచినీళ్ళు ఇచ్చి చెబుతారు. లేదు, చెడ్డదైతే తనను కూడా పిలిచేవారు. లేదు, చెడ్డదైతే ముందు ఆమెకే చెబుతారు. గోడ మీద చెయ్యి కడుక్కునే బొమ్మ ఉంది, ఒక చెయ్యి ఇంకో చేతిని పట్టుకుంది. ఏది దేన్ని కడుగుతోందో ఎంతసేపు చూసినా తెలియలేదు.

ఆ నల్ల సంచీ. దాన్ని పట్టుకునే కదా ఆమె మొదటిసారి వచ్చింది. వర్షం, దుకాణం కట్టేసే వేళ, పరిగెత్తుకుంటూ వచ్చి బల్ల మీద పడేసింది. "మేస్త్రీ, జిప్పు ఇరుక్కుపోయింది, కోసెయ్యి, చించెయ్యి, ఏమన్నా చెయ్యి, లోపలున్నది నాకిప్పుడే కావాలి." ఇప్పుడే అంది. జనం సంచీలు తెచ్చి రేపటికి అంటారు, ఎల్లుండికి అంటారు, ఇప్పుడే అన్నది ఆమె ఒక్కతే. లోపలి గుడ్డ పళ్ళల్లో చిక్కుకుంది, అంతే. గుడ్డని పక్కకు లాగి పట్టి రన్నర్‌ని వెనక్కి జరిపితే తెరుచుకుంది. ఆమె చెయ్యి పెట్టి మందు డబ్బా తీసింది, ఒకటి నోట్లో వేసుకుంది, నీళ్ళకు చుట్టూ చూసింది, ఆయన తన చెంబు ఇచ్చాడు. ఏం జబ్బని అడగలేదు. ఆమె చాలాసేపు ఎదురుచూసింది అడుగుతాడేమోనని, తర్వాత ఎప్పుడో చెప్పింది ఆ మాట. అడగలేదు కాబట్టే మళ్ళీ వచ్చానంది. సంచీ బాగానే ఉన్నా వచ్చింది. ఒకనాడు స్టూలు మీద కూర్చుని, నాకు హెచ్‌ఐవీ ఉంది, పోయినాయన ఇచ్చి పోయాడు, ఆస్తి అదొక్కటే, అంది. ఊ, అన్నాడు. ఊ ఏంటయ్యా, భయపడు, అంది. ఆయన సంచీ తీసుకుని దానికి ఇత్తడి జిప్పు వేశాడు, దాచుకున్నది, ఎవరికీ వెయ్యనిది, ఇక ఎప్పటికీ ఇరుక్కోనిది. పెళ్ళాడమని అడగడం అదే. ఆమెకు అర్థమైంది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెడుతూ, "నీకు ప్రేముందో లేదో ఏ పరీక్షలోనూ కనిపించదు, మందు వేసుకున్నట్టు నమ్మి వేసుకోవాల్సిందే" అంది.

అడగలేదు. అదేనా తప్పు? మొదటి రోజు అడగకపోవడం మంచిదైంది. తర్వాత ఒక్కనాడైనా వేసుకున్నావా అని అడిగాడా? నిద్ర పట్టక ఆమె పైకప్పు చూస్తుంటే, ఏం ఆలోచిస్తున్నావు అని అడిగాడా? డాక్టరుని అడిగి నిద్ర సంగతి చూద్దాం పద అన్నాడా? మానేయమని చెప్పడానికి వచ్చిన నోరు అడగడానికి రాలేదు. ఒకసారి ఇత్తడి జిప్పు వేశాడు, ఇక ఇరుక్కోదు, అయిపోయింది అనుకున్నాడు. పెళ్ళి కూడా రిపేరే అనుకున్నాడు, మళ్ళీ రానక్కర్లేదు. పెద్దమేస్త్రీ, నువ్వు పొరపాటు చెప్పావా, నేను పొరపాటు విన్నానా? తిరిగొచ్చిన సంచీ అవమానమా, లేక తిరిగిరావడమే... ఏమో, ఇది ఎటూ తెగడం లేదు. దారం చివర దొరకడం లేదు. ఎదుటి బెంచీ ఖాళీగా ఉంది, డ్రైవరు ఎప్పుడు లేచి వెళ్ళాడో, వెళ్తూ దండం పెట్టాడో ఏమో, చూసుకోలేదు.

ఇనప చెయ్యి విప్పుకుంది. తలుపులో మడమ కాదు, ముందు సంచీ వచ్చింది, తర్వాత ఆమె. ముఖం చూశాడు. ముఖంలో ఏమీ కనిపించలేదు. కనిపించలేదంటే? లేదనా, ఉందనా? లేచి నిలబడ్డాడు, పటకారు జేబులోంచి జారి నేల మీద పడి ఆ వరండా అంతా మోగింది.

"దాన్ని ఇక్కడిక్కూడా తెచ్చావా" అంది ఆమె. వంగి తీసి చేతిలో పెట్టింది. "పాత మాత్రే పనిచేస్తుందంట. ఆ వైరస్సు ఇంకా ఏమీ నేర్చుకోలేదంట. నీలాగే మొద్దు."

ఆయన పటకారుని మళ్ళీ జేబులో వేసుకున్నాడు. వెనకాలే ఆ అమ్మాయి తలుపు పట్టుకుని నిలబడి, "ఇవాళ్టి నుంచే మొదలు పెట్టాలి బాబాయ్. నిద్ర పట్టాలంటే పిన్ని పొద్దున్నే వేసుకుంటే నయం, పొద్దున్న వేసుకునేలా మార్చాం. ఈసారి అదృష్టం, ఇంకోసారి చెప్పలేం. మీరు మందు గురించి ఏ సలహా ఇవ్వొద్దు, రోజూ ఒక్క మాట అడగండి చాలు" అంది. ఏ మాటో చెప్పకుండానే ఇంకొకళ్ళని లోపలికి పిలిచింది. తలుపు మళ్ళీ నెమ్మదిగా మూసుకుంది.

వరండా చివర కుళాయి ఉంది, గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు ఉంది. ఆమె సంచీ జిప్పు లాగింది, ఇత్తడి పళ్ళు ఒక్క గుంజుకే విడిపోయాయి. కొత్త డబ్బా తెరిచి ఒక మాత్ర నాలుక మీద పెట్టుకుంది, నీళ్ళు తాగింది. గొంతు కదలడం ఆయన చూశాడు. గ్లాసు దించి, మూతి తుడుచుకుని, సంచీ మూసి, పద అన్నట్టు చూసింది. ఆయన కదల్లేదు. నోరు తెరిచాడు, మూశాడు, అరిగిన రన్నర్‌లాగా మాట ఎక్కడో జారిపోయింది. మళ్ళీ తెరిచాడు.

"వేసుకున్నావా?"

"చోద్యం! కళ్ళముందే మింగాను కదయ్యా, కనిపించలా?"

"కనిపించింది. కనిపించలేదన్న మాట నమ్మి ఒకసారి నిన్ను పోగొట్టుకోబోయాను. ఇప్పుడు కనిపించినదాన్ని నమ్మమంటావా? నువ్వు చెప్పు."

ఆయన ఒక్క ఊపున అన్ని మాటలు మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు. వెనకాల ఎవరో గ్లాసు కోసం నిలబడితే పక్కకు జరిగింది. నవ్వబోయింది, నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"వేసుకున్నాను" అంది మెల్లగా. "రేపు అడగడం మర్చిపోతావు చూడు."

"రేపు అడుగుతా" అన్నాడు మేస్త్రీ. ఎల్లుండి సంగతి ఆయనకు ఇంకా తెలియలేదు. ఆమె భుజం మీది సంచీ తీసుకుని తన భుజాన వేసుకుని, జిప్పు మూసి ఉందో లేదో తడిమి చూసుకుంటూ నడిచాడు.